కదలని షాట్

మార్చి 4, సోమవారం

మా ఆవిడ తన చిన్నప్పటి సంగీతం టీచర్ ఇంటికి వెళ్లి వారం దాటింది. థీసిస్ అయ్యేదాకా అక్కడే ఉంటుంది. లాబ్‌లో పూర్తికాని కట్టుడుపళ్లు నేను ఇంటికి తెచ్చుకుని అరగదీస్తుంటే, ఆ మిషను చప్పుడుకి తను ఒక్క పేజీ కూడా రాయలేకపోతోంది. అంతే. ఇందులో వేరే అర్థాలు వెతకాల్సిన పని లేదు.

ఆ టీచర్ ఇంట్లో మధ్యాహ్నం నుంచి పిల్లలు వరసగా వచ్చి వయొలిన్ గీకుతూనే ఉంటారు. అది చప్పుడు కాదు కాబోలు, సంగీతం.

తను వెళ్లినప్పటి నుంచి నేను ఇంట్లో మిషను ముట్టుకోలేదు. ఇల్లంతా నిశ్శబ్దం. ఈ సంగతి తనకెలా తెలియజేయాలో తోచడం లేదు.

కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది. ఎక్కడ తగిలిందో గుర్తు లేదు.

మార్చి 6, బుధవారం

అక్క ఫోన్ చేసింది. ఏమేం తీసుకెళ్లిందని అడిగింది. పుస్తకాలు, ల్యాప్‌టాప్, శాలువా, ఇస్త్రీపెట్టె అని చెప్పాను.

"ఇస్త్రీపెట్టె కూడానా?" అంది. "ఒరేయ్, థీసిస్ రాయడానికి ఇస్త్రీపెట్టె ఎందుకురా?"

"బట్టలు నలిగితే తనకు నచ్చదక్కా."

"నీకు చెప్పేకంటే గోడకి చెప్పుకోవడం నయం. వెళ్లి తీసుకురా."

తీసుకురావడానికి తనేమన్నా రిపేరుకిచ్చిన మిక్సీయా? పైగా ఏమని పిలవాలి? మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే సారీ చెప్పేవాణ్ని, నాకు అందులో మొహమాటం లేదు. వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి ఒక్క మాట మాత్రం అంది. "మూడేళ్లుగా నేను ఏం చదువుతున్నానో నీకు ఒక్క ముక్కైనా తెలుసా?"

తెలుసన్నాను. ఫ్రెంచి సినిమాలు.

"ఎవరివి?"

సంచి తీసి చేతికిచ్చాను.

ఇప్పుడు తెలుసు, పేరు అల్మరాలో డిస్కుల మీద ఉంది. నాకు నోరు తిరగదు కాబట్టి పెద్దాయన అని రాసుకుంటాను. మొత్తం పదకొండు సినిమాలు తీశాడు. అన్నీ చూస్తాను. ఆ పదకొండూ చూసిన మనిషితో తను ఎందుకు మాట్లాడదో నేనూ చూస్తాను.

(డిస్కులు ఇక్కడే వదిలి వెళ్లింది. వదిలిందంటే తిరిగి వస్తుందనే కదా. అక్కకి చెప్పాలి.)

మార్చి 9, శనివారం

మధ్యాహ్నం సెలవు. మొదటి సినిమా పెట్టాను. మా ప్లేయర్ తాతలనాటిది, ముందున్న అంకెల లైటు ఎప్పుడో పోయింది.

ఒకాయన కుక్క తప్పిపోయింది. వెతుకుతున్నాడు. దారిలో కనబడ్డవాళ్లతో కుక్క గురించి తప్ప అన్నీ మాట్లాడతాడు. చివరికి ఆయన కూడా ఎటో వెళ్లిపోయాడు. ఆ తర్వాత తడిసిన రోడ్డు. రోడ్డు. ఇంకా రోడ్డే. మనిషి లేడు, బండి లేదు, చప్పుడు లేదు. ప్లేయర్ ఆగిపోయిందని లేచి పైన రెండు దెబ్బలు వేశాను. డిస్కు తీసి చొక్కాతో తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే రోడ్డు. కట్టేశాను.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఈయన మీద మూడేళ్లు!

మార్చి 10, ఆదివారం

ఆదివారం కదా, తను వచ్చింది. కావలసిన పుస్తకాలు తీసుకోవడానికి ఆదివారాలు వస్తుంది. నేను ఉదయమే లేచి ఇల్లు ఊడ్చాను. ఊడ్చినట్టు కనబడకూడదని పేపరు కాస్త చిందరవందరగా పడేశాను.

"నీ పెద్దాయన సినిమా చూశాను," అన్నాను, ఏదో మాటల్లో వచ్చినట్టు.

పుస్తకాల మధ్య నుంచి తల ఎత్తింది. "ఏది?"

"కుక్క తప్పిపోయేది."

"నువ్వా? నిజంగా?" మొహం విప్పారింది. ఆ మొహం చూసి ఎన్నాళ్లయిందో. "ఎలా ఉంది?"

"బాగుంది. కానీ రోడ్డు దగ్గర ప్లేయర్ ఆగిపోయింది."

వచ్చిన వెలుగు వచ్చినట్టే పోయింది. "అది ఆగిపోవడం కాదు. అదే సినిమా. రోడ్డు అలాగే ఉంటుంది, ఉంటుంది... చివర్లో కుక్క వస్తుంది."

"వస్తుందా?"

"ఒక్కటే నడుచుకుంటూ వస్తుంది. థియేటర్లోంచి లేచిపోయినవాళ్లెవరికీ కనబడదు. నువ్వూ లేచిపోయావు."

నేను ఎక్కడికీ లేచిపోలేదు, లేచి ప్లేయర్ని కొట్టానంతే. ఆ మాటే అన్నాను.

కాఫీ ఇచ్చాను. తాగుతూ, నాతో అన్నట్టు కాకుండా, గైడ్ ఆఖరి అధ్యాయం తిప్పి పంపించారని చెప్పింది. మూడో సినిమా మీద రాసినది. పక్కన ఎర్ర సిరాతో 'ఇందులో మీరు కొత్తగా చూసిందేమిటి?' అని రాశారట.

"మూడేళ్లు చూసి కొత్తగా ఏమీ చూడలేదంటే..." అని ఆగింది.

"పోనీలే, పాతదాన్నే అటూ ఇటూ మార్చి రాసెయ్," అన్నాను.

ధైర్యం చెబుదామనే అన్నాను. నోట్లోంచి వచ్చాక తెలిసింది. తను కప్పు కడిగి బోర్లించి, పుస్తకాలు సంచిలో సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ అల్మరాలోంచి మూడో సినిమా తీసి టీవీ మీద పెట్టింది. "చూడాలనుకుంటే ఇది చూడు. కానీ ఒక్క మాట. ఎంతసేపు కదలకపోయినా లేవకు. ప్లేయర్ని కొట్టకు."

చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేనూ చిలకలాగే తల ఊపాను.

మార్చి 12, మంగళవారం

లాబ్‌లో మా మైనం మాస్టారు పళ్లకి అచ్చు పోస్తూ పోస్తూ అడిగాడు. "మీ ఆవిడ ఊళ్లోనే వేరే ఇంట్లో ఉందటగా?"

ఈ మాట ఈయనదాకా ఎలా వచ్చిందో. థీసిస్ అన్నాను.

"దేని మీద?"

"కదలని సినిమాల మీద."

"కదలనివైతే ఫొటోలు అంటారు కదయ్యా," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత కోపం వచ్చింది, ఎవరి మీదో తేలలేదు. ఆయన పోసిన మైనం సరిగా లేదని తిప్పి పంపాను. నిజానికి బాగానే ఉంది.

మార్చి 14, గురువారం

ఫోన్ చేశాను. ఎత్తలేదు. వయొలిన్ల గోలలో వినబడి ఉండదు.

మార్చి 16, శనివారం

చూశాను! మొత్తం చూశాను. ఒక్కసారి కూడా లేవలేదు.

ఈసారి పరీక్షకి కూర్చున్నట్టు కూర్చున్నాను. ఫోన్ లోపలి గదిలో పెట్టేశాను.

రైలు టికెట్లు అమ్మే గుమస్తా, ఆయన భార్య. మేడ మీద చిన్న ఇల్లు. మొదట్లో ఆమె ఒంటరిగా నడవడం, ఆయన కౌంటర్లో చిల్లర విసరడం, ఇలాంటివేవో జరుగుతాయి. తర్వాత ఒక ఉదయం ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుంటారు. ఆయన పేపర్లో వాతావరణం పైకి చదువుతుంటాడు. అప్పుడు షాట్ మారింది. బల్ల పక్క నుంచి కనబడుతోంది. ఈ చివర ఆయన, ఆ చివర ఆమె. ఆయన చదవడం ఆపేశాడు. ఇక అంతే. కదలదు.

మళ్లీ నన్ను పడేయలేవు పెద్దాయనా, అనుకున్నాను. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

కుక్క ఎక్కడి నుంచి వస్తుందో అని ముందు తలుపు వైపు చూశాను. రాలేదు. అలవాటు కొద్దీ ఆమె పళ్లు చూశాను. నోరు కాస్త తెరిచి ఉంది, పైపన్ను మీదికి పక్కపన్ను కొంచెం ఎక్కింది. ఏదో అనబోతోంది. అనదు. కప్పులు చూశాను. ఆయనది ఖాళీ, ఆమెది నిండుగా, పైన మీగడ కట్టి ఉంది. గోడ మీద మేకు ఉంది, దానికేమీ వేలాడటం లేదు. ఇక చూడటానికి ఏమీ మిగలక బల్ల కిందకి చూశాను.

ఆయన కాళ్లకి ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు. ఆమె కాళ్లకి బూట్లు. బయటికి వేసుకునేవి. లేసులు కూడా కట్టి ఉన్నాయి. ఒంటి మీద చూస్తే ఇంట్లో వేసుకునే పాత గౌనే.

ఎక్కడికో బయల్దేరి ఆగిపోయింది ఈమె! బూట్లు వేసుకుని, మళ్లీ వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన చూడలేదు. ఆమె వెళ్లనూ లేదు. ఎంతసేపు కూర్చుంటుందో చూద్దామని నేనూ కూర్చున్నాను. మా కిటికీలో వెలుతురు తగ్గిపోయింది. కాలు తిమ్మిరెక్కింది. ఎప్పుడో మధ్యలో ఏడుపొచ్చింది. ఎందుకో సరిగా చెప్పలేను. లేచి వెళ్లిపోవచ్చు కదా, వెళ్లకుండా కూర్చుందే, అందుకనుకుంటాను.

ఆ తర్వాత ఒక్కసారిగా తెర మొత్తం నీలం అయిపోయింది. ముగింపు! పేర్లు కూడా వేయలేదు. ఎంత ధైర్యం.

నాకు అర్థమైంది. ఇది వెళ్లకుండా ఆగిపోయిన మనిషి కథ. రేపు తనకి చెబుతాను.

మార్చి 17, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

తను రాగానే చెప్పాను. లేవలేదని, కొట్టలేదని. "ఆ నీలం ముగింపు మాత్రం అద్భుతం," అన్నాను.

"ఏ నీలం?"

"చివర్లో. వాళ్లిద్దరూ బల్ల దగ్గర కూర్చునే ఉంటారు, ఉంటారు, ఒక్కసారిగా తెరంతా..."

తను నా మొహంలోకి అలాగే చూసింది. తర్వాత సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసింది, ఆ సినిమా పెట్టి, ఆ ఉదయం దగ్గరికి తెచ్చింది. బల్ల వచ్చింది. ఆయన, ఆమె, కప్పులు. నేను నిన్నటిలాగే సర్దుకుని కూర్చున్నాను. చూస్తుండగానే బల్ల పోయి మెట్లు వచ్చాయి. ఆయన మెట్లు దిగుతూ గొడుగు ఏదని కేకలేస్తున్నాడు.

"నాలుగు సెకన్లు," అంది తను. "ఆ షాట్ ఉండేది నాలుగు సెకన్లే. నీ ప్లేయర్ నిజంగానే ఆగిపోయింది. తర్వాత దానికదే ఆరిపోయింది."

ఇక నవ్వు. బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ, "ఎంతసేపు కూర్చున్నావు?" అంది. చీకటి పడేదాకా అన్నాను. మళ్లీ నవ్వు. నాకు సిగ్గుగానూ ఉంది, ఇంట్లో ఆ నవ్వు వినబడటం సంతోషంగానూ ఉంది. ఉక్రోషం కూడా వచ్చింది.

"అయితే ఆ బూట్లు కూడా ప్లేయరే వేసిందా?" అన్నాను.

"ఏ బూట్లు?"

"ఆవిడవి. బల్ల కింద."

తను నవ్వు ఆపి వెనక్కి తిప్పింది. ఆ షాట్ దగ్గర ఆపింది. తెర దగ్గరికి వంగింది. నేను బూట్లు, లేసులు, ఒంటి మీద గౌను చూపించాను. మళ్లీ వెనక్కి తిప్పి ముందు సీన్లు చూసింది. ఇంట్లో ఉన్నప్పుడు ఆమె కాళ్లకి ఎక్కడా బూట్లు లేవు. ఆ ఒక్క చోటే.

"నేను ఎప్పుడూ ఆమె మొహమే చూశాను," అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. "అందరం మొహమే చూస్తాం. మీసాల విమర్శకుడొకడు దీని మీద పుస్తకమే రాశాడు. వాడూ మొహమే."

"తర్వాత ఏమవుతుంది?" అన్నాను. నాకు నిజంగా తెలియదు కదా.

"వెళ్లిపోతుంది. ఆయన సాయంత్రం వచ్చేసరికి ఉండదు. మిగిలిన సినిమా అంతా ఎందుకు వెళ్లిందా అని ఆయన వెతుక్కోవడమే. గొడుగు కోసం అరిచినందుకు వెళ్లిందని నేను రాశాను."

"వెళ్లిపోతుందా?" అన్నాను మళ్లీ.

తను అప్పటికే ల్యాప్‌టాప్ మూసి సంచి భుజాన వేసుకుంది. రాసుకోవాలట. కాఫీ కూడా తాగలేదు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "థాంక్స్," అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మేం ఒకరికొకరం ఆ మాట చెప్పుకున్నది లేదు. మంచిదో కాదో తెలియడం లేదు.

మార్చి 18, సోమవారం

తనకి పనికొచ్చాను! రోజంతా లాబ్‌లో ఈల వేస్తూ పనిచేశాను. మైనం మాస్టారు వింతగా చూశాడు.

మార్చి 20, బుధవారం

ప్లేయర్ బాగుచేయించి సినిమా పూర్తిగా చూశాను. తనే రైటు. ఆవిడ వెళ్లిపోతుంది. ఆ గుమస్తా అడగని మనిషి లేడు. పక్కింటివాళ్లని, చెల్లెల్ని, స్టేషన్లో పోర్టర్ని. ఎవడైనా చెప్పకూడదా, ఒరేయ్ పిచ్చివాడా, గొడుగు కాదురా, నువ్వు వాతావరణం చదువుతున్నప్పుడే ఆమె బూట్లు వేసుకుని కూర్చుందని. ఇక వాడు ఏం చేసినా ఒకటే. గొడుగు కోసం అరవకుండా ముద్దుగా అడిగినా ఒకటే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

వాడి మీద జాలి వేసింది. చాలాసేపు వాడి మీదే అనుకున్నాను.

మా ఇంట్లో బూట్లు గుమ్మం దగ్గరే విప్పుతాం. తనకి అది పట్టింపు. తను వెళ్లడానికి ముందు రోజో, ఆ ముందు రోజో, ఉదయం ఇదే బల్ల దగ్గర కూర్చుని నేను ఒక పన్ను గురించి చెబుతున్నాను. ముందుపన్ను, రంగు కుదరడం లేదు, డాక్టరు మూడుసార్లు తిప్పి పంపాడు. చెబుతుంటే కాలి మీద ఏదో గట్టిది పడింది. నొప్పి పుట్టింది. కాలు పక్కకి జరుపుకున్నాను. పన్ను గురించి చెప్పడం ఆపలేదు.

గట్టిది.

మేజోడు గట్టిగా ఉండదు. పాదం గట్టిగా ఉండదు.

తను థీసిస్ కోసం వెళ్లలేదు. తెలుసు. ఇస్త్రీపెట్టె లేని షెల్ఫు చూసిన రోజే తెలుసు.

మార్చి 21, గురువారం

గోరు కింద నలుపు కొంచెం పైకి జరిగింది.

మార్చి 22, శుక్రవారం

అక్క మళ్లీ ఫోన్ చేసింది. వెళ్లి తీసుకురమ్మంది. "అక్కా, తను ఎప్పుడు వెళ్లిందో ముందు నాకు తేలాలి," అన్నాను. తాగావా అని అడిగింది.

మార్చి 24, ఆదివారం

తను రెండు ఖాళీ అట్టపెట్టెలతో వచ్చింది. మిగిలిన పుస్తకాలకి. డిస్కులకి కూడా.

అధ్యాయం మళ్లీ రాసిందట. గైడ్‌కి నచ్చిందట. బూట్ల గురించి ఎవరూ రాయలేదట. తను చెబుతుంటే నేను పుస్తకాలు అందిస్తున్నాను. "నీ గురించి అడుగున చిన్న అక్షరాల్లో వేశాను," అంది. "ఒక ప్రేక్షకుడు గమనించినట్టు, అని."

"భర్త అని రాయలేదా?"

"ఏమని రాయాలో తెలియలేదు," అంది.

ఇంకో రెండు పుస్తకాలు అందించాను. ఇక ఉండబట్టలేకపోయాను.

"ఆ రోజు నీ కాళ్లకి బూట్లున్నాయి."

ఏ రోజని అడగలేదు. "ఉన్నాయి."

"నా కాలు తొక్కావు."

"మొదట చూసుకోకుండానే పడింది." చేతిలోని పుస్తకం అటూ ఇటూ తిప్పింది. "పడ్డాక తియ్యాలనిపించలేదు. ఇంకొంచెం నొక్కాను. నువ్వు కాలు జరుపుకుని, మళ్లీ ఆ పన్ను దగ్గరికే వెళ్లావు."

"రంగు కుదరలేదు," అన్నాను. ఎందుకన్నానో దేవుడికే తెలియాలి.

"తెలుసు. రెండోసారి కాఫీ పెట్టి ఇచ్చాను. బూట్లతోనే వెళ్లి పెట్టాను, బూట్లతోనే వచ్చి ఇచ్చాను. నేల మీద టకటకమని చప్పుడు కూడా వచ్చింది. తర్వాత బూట్లు విప్పేసి పడుకున్నాను. మర్నాడు మళ్లీ వేసుకున్నాను."

కూర్చున్నాను. గుమస్తా గురించి రాసుకున్నదంతా చెప్పాను. ఆమె బూట్లు వేసుకున్నాక వాడు ఏం చేసినా ఒకటేనని, కథ అక్కడే అయిపోయిందని.

"కాదు," అంది తను వెంటనే. గొంతు పెరిగింది, పాఠం చెప్పేటప్పటిలా. "నేను అలా రాయలేదు. నువ్వు మొదట చెప్పిందే రాశాను. వెళ్లకుండా కూర్చున్న మనిషి అన్నావు చూడు, అదే. వెళ్లిపోవాలని తేల్చుకున్నది బూట్లు వేసుకుని వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి బల్ల దగ్గర ఎందుకు కూర్చుంటుంది? ఆ నాలుగు సెకన్లు ఆయనవి. ఆయన కోసం ఉంచినవి."

"నేను చూసి ఉంటే?"

"విప్పేసేదాన్నేమో." టేపు నాకందించింది. "నిజంగా తెలియదు. అడగకు."

అడగలేదు. పెట్టెలకి టేపు వేశాను. బరువైనది నేను ఎత్తుకున్నాను, తేలికైనది తను ఎత్తుకుంది. మెట్లు దిగుతున్నాం. తను ముందు, నేను వెనక. పెట్టె పక్క నుంచి నాకు తన కాళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు.

"ఆగు," అన్నాను. "ఎడమకాలి లేసు ఊడింది. తొక్కుకుని పడతావు."

ఆగింది. తన చేతుల్లో పెట్టె ఉంది, కిందకి చూసుకోలేదు. మెడ తిప్పి నన్ను చూసింది. "చూశావే," అంది.

వెక్కిరింపో ఏమో తెలియలేదు. నా పెట్టె మెట్టు మీద దించి, రెండు మెట్లు కిందకి దిగి, తన ముందు కూర్చున్నాను. లేసు రెండు కొసలూ చేతిలోకి తీసుకున్నాను. ముడి బిగిస్తే బాగా నడిచి వెళ్లిపోతుంది. వదులుగా వేస్తే ఎక్కడో పడుతుంది.

"ఎలా కట్టను? గట్టిగానా?" అన్నాను.

నేను తల ఎత్తలేదు.

"మరీ గట్టిగా వద్దు," అంది.